ఉత్త చేతులతో గెలుస్తాం అనుకునేవాళ్లకి

మా పిల్లి బరువు నాలుగు కిలోలు. పోయినేడాది దానికి పంటి దగ్గర చీము పట్టి వారం రోజులు రెండు పూటలా మాత్ర వెయ్యాల్సి వచ్చింది. నేనూ మా ఆవిడా కలిపి నూట ముప్పై కిలోల పైనే ఉంటాం, అయినా ఇద్దరం కలిసి మొదటి మూడు రోజులు ఒక్క మాత్ర కూడా సరిగ్గా దాని గొంతు దిగేలా చెయ్యలేకపోయాం. అదేం మమ్మల్ని చంపాలని చూడలేదు, మేమంటే దానికి ఇష్టమే, రాత్రయితే నా కాళ్ల దగ్గరే పడుకుంటుంది. వదిలించుకుని మంచం కిందకి పోవాలని చూసింది అంతే. ఆ మాత్రానికే నా ముంజేతి మీద నాలుగు గీతలు, బొటనవేలి కింద రెండు పళ్ల గాట్లు, మర్నాటికి చెయ్యి వాచి పిడికిలి బిగించలేని పరిస్థితి. నాలుగో రోజు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడి అసిస్టెంట్ కుర్రాడు ఒక తువ్వాలు తీసి పిల్లిని మెడ దాకా గట్టిగా చుట్టేసి పది సెకన్లలో పని కానిచ్చేశాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య ఫ్రెండ్స్ నలుగురం కూర్చున్నప్పుడు ఆ పాత చర్చే మళ్లీ వచ్చింది, చేతిలో ఏమీ లేకుండా మనిషి ఏ జంతువుతో ఫైట్ చేసి గెలవగలడు అని. మాలో ఒకడు ఆరేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాడు, ఎనభై నాలుగు కిలోలు, నిజంగానే బలమైనవాడు. వాడన్నాడు, "రేయ్, సింహం పులి వద్దులే, తోడేలైతే మాత్రం నేను పడగొడతా. నలభై కిలోలు ఉంటుందేమో, నేను నూట అరవై కిలోలు నేల మీంచి లేపుతా. మెడ దొరికితే చాలు." నేనన్నా, "మెడ నీకెందుకు దొరుకుతుంది రా?" దానికి వాడు నవ్వేశాడు, మిగతావాళ్లు వాడి వైపు చేరారు, నేను ఒంటరినయ్యాను. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయింది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, ఎందుకంటే ఇది కాలక్షేపం కబురే అయినా దీని వెనక ఉన్న నమ్మకం వల్ల మనుషులూ దెబ్బతింటున్నారు, జంతువులూ చస్తున్నాయి.

వాడొక్కడే కాదు ఇలా అనుకునేది. 2021లో యూగవ్ సంస్థ అమెరికాలో ఇదే ప్రశ్నతో సర్వే చేసింది, ఆయుధం లేకుండా వీటిలో దేన్ని ఓడించగలరు అని. ఎలకని గెలుస్తామని 72 శాతం, పిల్లిని 69, బాతుజాతి గూస్‌ని 61, మీడియం సైజు కుక్కని 49, పెద్ద కుక్కని 23, చింపాంజీని 17, రాచనాగుని 15, తోడేలుని 12, మొసలిని 9 శాతం మంది గెలుస్తామన్నారు. గొరిల్లా, ఏనుగు, సింహం తలా 8, గ్రిజ్లీ ఎలుగుబంటి 6. జనం అంతా ఆ చివరి నంబర్లు పట్టుకుని నవ్వుకున్నారు, ఏనుగుని గెలుస్తారంట అని. నాకు మాత్రం ఆ మధ్యలోవే భయం వేస్తాయి. ఏనుగుతో కుస్తీ పట్టడానికి ఎవడూ వెళ్లడు, ఆ 8 శాతానికి పరీక్ష ఎప్పటికీ రాదు. కుక్క అలా కాదు, చాలామందికి రోజూ ఎదురయ్యేదే, అక్కడే సగం మంది నేను గెలుస్తా అంటున్నారు.

నాకు ఆ పరీక్ష మూడేళ్ల కిందట వచ్చింది. తెల్లవారుజామున ఐదున్నరకి పరిగెత్తడానికి వెళ్లినప్పుడు ఒక కుక్క నా కుడి పిక్క పట్టుకుంది. పెద్దదేం కాదు, మోకాలెత్తు, మహా అయితే పదిహేను కిలోలు. నేను అప్పట్లో డెబ్భై రెండు, అంటే దానికి దాదాపు ఐదు రెట్లు. అది వెనక నుంచి వచ్చింది, మొరగలేదు, గుర్రుమనలేదు, నాకు తెలిసేసరికే పళ్లు దిగి ఉన్నాయి. ఈ చర్చల్లో ఎవ్వరూ పట్టించుకోనిది ఇదే. మన ఊహలో ఫైట్ ఎప్పుడూ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకున్నాక మొదలవుతుంది, మనం చొక్కా చేతులు మడుచుకుని రెడీగా ఉంటాం. జంతువు అలా రాదు. వేటాడేదైతే నువ్వు చూడనప్పుడు వస్తుంది, భయపడిందైతే నువ్వు ఊహించనప్పుడు వస్తుంది.

నేను వంగి దాని తల మీద పిడికిలితో గుద్దా. ఎంత బలంగా గుద్దానో బాగా గుర్తు, ఎందుకంటే చిటికెన వేలి కణుపు మూడు వారాలు వాచే ఉంది, కుక్కకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. తర్వాత తెలిసింది, కుక్క తల పైభాగం అంతా దవడని మూసే కండరమే మందంగా కప్పి ఉంటుందట, దాని కింద గట్టి ఎముక. మన పిడికిలిలో ఉండేవేమో సన్నటి ఎముకలు. గట్టి చోట గుద్దితే చిటికెన వేలి వెనక ఉండే అరచేతి ఎముక పుటుక్కుమంటుంది, దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అని పేరే ఉంది. బాక్సర్లు గ్లోవ్స్ కింద చేతికి గుడ్డ చుట్టుకునేది అందుకే. నేను గుద్దిన కొద్దీ అది ఇంకా బిగించి తల అటూ ఇటూ విదిలించడం మొదలుపెట్టింది, ఆ విదిలింపుకే కండ చీలింది, అప్పటిదాకా గాట్లే. అటుగా వస్తున్న ఒక పెద్దాయన గట్టిగా అరుస్తూ చేతిలో గొడుగు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి వదిలి పారిపోయింది. మొత్తం పది పన్నెండు సెకన్లు.

ఇప్పుడు ఎవరు గెలిచినట్టు? నేను నిలబడే ఉన్నా, అది పారిపోయింది. చూసినవాళ్లెవరైనా మనిషే గెలిచాడంటారు. ఆ గెలిచిన మనిషి ఇంటికి కుంటుకుంటూ వెళ్లి కొళాయి కింద కాలు పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాడు, అదే రోజు వ్యాక్సిన్ మొదలుపెట్టించుకున్నాడు, యాంటీబాడీల ఇంజెక్షన్ పచ్చి గాయంలోకే పొడుస్తుంటే బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. (కుక్క కరిచినవాళ్లకి ఇది చెప్పకుండా ముందుకి వెళ్లలేను. పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్లూ, అదే రోజు ఆసుపత్రి, చిన్న గాటే కదా అని ఊరుకోవద్దు.) రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే ఇక బతకడం అనేది దాదాపు ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 59,000 మంది దాకా రేబిస్‌తో చనిపోతున్నారు, మనుషులకి వచ్చే కేసుల్లో 99 శాతం కుక్కల వల్లే, చనిపోయేవాళ్లలో సుమారు 40 శాతం పదిహేనేళ్ల లోపు పిల్లలు. వాళ్లలో ఎంతమంది ఆ కుక్కని తన్ని తరిమేసి నేనే గెలిచా అనుకుని ఇంటికి వెళ్లి ఉంటారో.

అందుకే గెలుపు అంటే ఏంటో ముందే ఒప్పుకోవాలి అంటా నేను. అవతలిది పడిపోవడం గెలుపు కాదు. వారం తర్వాత కూడా రెండు చేతులూ పనిచేస్తూ, జ్వరం లేకుండా నువ్వు నడుస్తూ ఉంటే అది గెలుపు. ఈ లెక్క పెట్టుకుంటే సర్వేలో సగం జవాబులు అక్కడికక్కడే రాలిపోతాయి. పిల్లి పళ్లు సూదుల్లా ఉంటాయి, పైకి చుక్కంత కనపడుతుంది, లోపల వేలి కీలు దాకా దిగుతుంది, దాని నోట్లో మామూలుగానే ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా అక్కడ దిగిపోతుంది. నా చెయ్యి ఒక్క రాత్రిలో వాచింది కూడా అలాంటి ఇన్ఫెక్షన్ వల్లే అని డాక్టర్ చెప్పారు. పామైతే బలాబలాల ప్రశ్నే లేదు, రాచనాగుని చంపేసినా దాని ఒక్క కాటు పడితే ఇద్దరూ ఓడినట్టే. పాముకాటుతో ప్రపంచంలో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారని అంచనా.

మరి నిజంగా ఉత్త చేతులతో చంపినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఈ వాదనలో అవతలివాళ్లు ఎప్పుడూ తీసే పేరు కార్ల్ అకేలీ. అమెరికాలో మ్యూజియంల కోసం జంతువుల నమూనాలు తయారుచేసిన మనిషి, 1896లో ఆఫ్రికాలో సోమాలీలాండ్‌కి వెళ్లినప్పుడు చిరుతని చేతులతో చంపాడు, చేతులకి కట్లతో ఆ చిరుత పక్కన నిలబడ్డ ఫోటో కూడా ఉంది. ఫోటో చూసి ఊరుకుంటే మా ఫ్రెండ్ చెప్పిందే రైట్. కానీ అసలు ఎలా జరిగిందో చూడండి. అకేలీ ముందు తుపాకీతో కాల్చాడు, ఒక గుండు దాని వెనక పాదానికి తగిలింది. చీకటి పడుతుంటే తుపాకీలో తూటాలు అయిపోయాక అది దూకింది, ఆ పాదం దెబ్బ వల్ల దాని దూకుడు గురి తప్పింది, గొంతు పట్టాల్సింది కుడి చెయ్యి పై భాగం పట్టుకుంది. అది పట్టు సడలించినప్పుడల్లా చేతిని అంగుళం అంగుళం దాని నోట్లోంచి కిందకి లాక్కుంటూ వచ్చి, చివరికి పిడికిలి నోట్లో ఉన్నప్పుడు వెనక్కి లాగకుండా గొంతులోకే తోసేశాడు, రెండో చేత్తో గొంతు నొక్కాడు. ఇద్దరూ నేల మీద పడితే అదృష్టం కొద్దీ ఆయన పైన పడ్డాడు, మోకాళ్లు దాని పక్కటెముకల మీద ఆనించి, గోళ్లు తనని అందకుండా మోచేతులు దాని చంకల్లో ఇరికించి, అది కదలడం ఆపేదాకా నొక్కాడు. ఆ చిరుత బరువు సుమారు 36 కిలోలు, ఆడది.

ఇందులో బలం లేదని నేననట్లేదు. ఆ స్థితిలో చెయ్యి వెనక్కి లాక్కోకుండా లోపలికి తోసే తెగువ నాకైతే ఉండదు. కానీ ఎన్ని కలిసొచ్చాయో లెక్కపెట్టండి, గాయపడ్డ పాదం, గురి తప్పిన దూకుడు, పైన పడటం. గొంతు పట్టుకుని ఉంటే ఈ కథ చెప్పడానికి ఆయన ఉండేవాడు కాదు. చిరుత చేతిలో పోయినవాళ్లు ఫోటో దిగలేదు కదా, మనకి మిగిలేవి బతికొచ్చినవాళ్ల కథలే.

ఇంకోటి 2019 ఫిబ్రవరిలో అమెరికా కొలరాడోలో జరిగింది. కొండదారిలో పరిగెడుతున్న ఒకతని మీద ప్యూమా దూకింది, పిల్లిజాతిలోనే పెద్ద అడవి జంతువు, వాళ్లు మౌంటెన్ లయన్ అంటారు. మణికట్టు పట్టుకుని వదల్లేదు. అతను దాని వెనక కాళ్లని మోకాలితో అదిమి, పుల్లలతో పొడిచి, రాయితో తల మీద కొట్టి, అవేవీ పనిచెయ్యక చివరికి మెడ మీద కాలు వేసి ఊపిరాడకుండా చేశాడు. ముఖానికీ చేతికీ కలిపి ఇరవైకి పైగా కుట్లు పడ్డాయి. వార్త మొదట బయటికొచ్చినప్పుడు సింహాన్ని చంపిన వీరుడు అన్నట్టు ప్రపంచమంతా తిరిగింది. తర్వాత పోస్ట్‌మార్టంలో తేలింది ఏంటంటే అది కొన్ని నెలల వయసు పిల్ల, బతికున్నప్పుడు పదహారు పద్దెనిమిది కిలోలు ఉండొచ్చని. ఆ మనిషి ధైర్యాన్ని ఇది ఒక్క పిసరు కూడా తగ్గించదు, తల్లి పక్కనే ఉందేమో అనే భయంతోనే పోరాడానని తనే చెప్పాడు. కానీ మన ప్రశ్నకి మాత్రం ఇది చాలా ఖచ్చితమైన కొలత. ఆరోగ్యంగా ఉన్న, రోజూ పరిగెత్తే మగమనిషి, తన బరువులో పావు వంతున్న పిల్ల జంతువు, పైగా చేతికి రాయి దొరికింది, అయినా అది చావు అంచు దాకా వెళ్లిన పోరాటం.

కాబట్టి నా లెక్క చెప్తా, ఇది నా తీర్పు, ఎవరి స్టడీ కాదు. కోరలూ గోళ్లూ ఉన్న జంతువైతే మన బరువులో పావు వంతు దగ్గర గీత. దాని కింద మనకి ఛాన్స్ ఉంది, గాయాలతో. దాని పైన బతికి బయటపడితే అది అదృష్టం. తోడేలు ఆ గీతకి చాలా పైన ఉంది. బాక్సింగ్‌లో నాలుగైదు కిలోల తేడాకే వేరే కేటగిరీ పెడతారు, అదీ ఇద్దరికీ ఒకటే శరీరం ఉన్నప్పుడు. ఇక్కడ శరీరాలే వేరు. మనకి మెడా పొట్టా రెండూ ముందుకి తెరిచి ఉన్నాయి, నిటారుగా నిలబడ్డందుకు మనం కడుతున్న ఖరీదు అది. నాలుగు కాళ్ల జంతువు పొట్ట కిందకి ఉంటుంది, మెడ మీద వదులు చర్మం, మందం వెంట్రుక. మా పిల్లినే మెడ వెనక పట్టుకుంటే చర్మం చేతిలోకి వచ్చేస్తుంది, ఆ చర్మంలోనే అది తిరిగి మన చేతిని కరుస్తుంది. మెడ దొరికితే చాలు అన్నవాడికి ఈ ఒక్క సంగతి చూపిస్తే చాలనిపిస్తుంది.

చింపాంజీ గురించి ఒక మాట, ఎందుకంటే 17 శాతం మంది దాన్ని చిన్నపిల్లాడిలా ఊహించుకుని ఉంటారని నా అనుమానం. మనిషి కంటే ఐదు రెట్లు బలం అని 1920ల నుంచీ ఒక మాట ప్రచారంలో ఉంది, అది అతిశయోక్తే. 2017లో వచ్చిన పరిశోధనలో చింపాంజీ కండరం అదే సైజు మనిషి కండరం కంటే 1.35 రెట్లు శక్తి ఇస్తుందని తేలింది, కారణం వేగంగా ముడుచుకునే పోగులు వాటికి మూడింట రెండొంతులు ఉంటాయి, మనకి మూడో వంతే. సరే ఐదు రెట్లు కాదుగా, ఒకటింపావు చిల్లరేగా అనుకోవచ్చు. దానికి పెద్ద కోరలూ, కాళ్లతో కూడా పట్టుకోగల పాదాలూ కలపండి, పైగా అది ముఖాన్నీ వేళ్లనీ వెతికి మరీ కొరుకుతుంది.

మొసలి సంగతి చాలా తమాషాగా ఉంటుంది. ఉప్పునీటి మొసలి కాటు బలం 2012లో కొలిస్తే 16,000 న్యూటన్లు దాటింది, అంటే సుమారు పదహారు వందల కిలోల బరువు రెండు దవడల మధ్య. అదే మొసలి నోరు తెరవడానికి వాడే కండరాలు ఎంత బలహీనమంటే మూసిన నోటికి టేపు చుట్టేస్తే తెరవలేదు. స్థానబలిమి అంటారే, మొసలికి నీళ్లలో ఉన్న బలం గట్టు మీద ఉండదని, అది సామెత మాత్రమే కాదు. కానీ ఆ బలహీనత తెలిసినంత మాత్రాన నీకేం ఒరగదు, ఎందుకంటే మూసిన నోరు నీకు చిక్కేది నీ చెయ్యి ఆ నోట్లో ఉన్నప్పుడే. 2019లో ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఒక వైల్డ్‌లైఫ్ రేంజర్‌ని మొసలి పట్టుకుంటే ఆయన బొటనవేలు దాని కంట్లో పొడిచి విడిపించుకున్నాడు. మొసళ్ల గురించి బాగా తెలిసిన మనిషి. ఆయన చేసింది విడిపించుకోవడం, తర్వాత నీటికి దూరంగా జరగడం. అంత బాగా తెలిసినవాడు కూడా దాన్ని ఓడించడానికి చూడలేదు.

పురాణాల్లో ఉంది కదా అంటారు కొందరు. ఉంది. సింహం నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టిన పిల్లవాడు మనకున్నాడు, బైబిల్లో సింహాన్ని చేతులతో చీల్చిన సంసోను ఉన్నాడు, గ్రీకులకి హెరాక్లీస్ ఉన్నాడు. ప్రతి జాతీ ఇలాంటి కథ ఎందుకు చెప్పుకుంది? అది మామూలు మనిషి చెయ్యగలిగేది కాదు కాబట్టే. వీడు అసాధారణుడు అని చెప్పడానికి అంతకంటే సులువైన గుర్తు లేదు. నిజంగా చూడాలంటే రోమ్‌ని చూడాలి. మనుషుల్నీ జంతువుల్నీ ఒకే చోట వదిలి వందల ఏళ్లు చూసినవాళ్లు వాళ్లే. కొలోసియం క్రీ.శ. 80లో ప్రారంభించినప్పుడు వంద రోజుల ఉత్సవాల్లో 9,000 జంతువుల్ని చంపారని కాసియస్ డియో అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. ఆ జంతువులతో పోరాడేది అదే వృత్తిగా ఉన్నవాళ్లు, వాళ్లకి శిక్షణ ఉండేది, రోజూ చేసే పని, అయినా బల్లెం పట్టుకుని దిగేవాళ్లు. ఏ ఆయుధమూ లేకుండా లోపలికి తోసేవాళ్లు కూడా ఉండేవాళ్లు, వాళ్లు మరణశిక్ష పడిన ఖైదీలు. ఉత్త చేతుల మనిషి, సింహం, అంటే రోమన్ల భాషలో దాని పేరు పోటీ కాదు, ఉరిశిక్షలాంటిది.

ఇంకా వెనక్కి వెళ్తే దక్షిణాఫ్రికాలో స్వార్ట్‌క్రాన్స్ అనే గుహలో దొరికిన ఒక పుర్రె ముక్క ఉంది, మన పూర్వీకులకి దాయాదుల్లాంటి జాతిలో ఒక పిల్లది, పది లక్షల ఏళ్లకి పైమాటే. దానికి వెనక భాగంలో రెండు గుండ్రటి రంధ్రాలు. సి.కె. బ్రెయిన్ అనే శాస్త్రవేత్త అదే గుహలో దొరికిన చిరుత దవడని తెచ్చి పెట్టి చూస్తే కింది కోరలు రెండూ ఆ రంధ్రాల్లో సరిగ్గా కూర్చున్నాయి. దాని ఫోటో మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పక్కకి పెట్టలేకపోయా. తల పట్టుకుని ఈడ్చుకుపోయింది ఆ పిల్లని. ఉత్త చేతులతో బతికిన రోజుల్లో మన స్థానం అది.

అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చామన్నదే అసలు విషయం నా దృష్టిలో. కండలు పెంచుకుని రాలేదు. చింపాంజీ కూడా రాయి విసురుతుంది కానీ దాని వేగం గంటకి ముప్పై కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, మన భుజం నిర్మాణం వేరు, బాగా అలవాటున్న మనిషి గంటకి నూట నలభై దాటిస్తాడు. ఒంటి మీద వెంట్రుక పోయి లక్షల చెమట గ్రంథులు వచ్చాయి, అందుకే ఆఫ్రికాలో కలహారీ ఎడారిలో సాన్ తెగ వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడూ అనే పెద్ద లేడిని గంటల తరబడి వదలకుండా తరిమి, అది వేడికి సొమ్మసిల్లి నిలబడిపోయాక దగ్గరికి వెళ్లి చంపగలిగేవాళ్లు. పక్కన ఇంకో మనిషి ఉంటాడు, అరుస్తాడు. నా కాలు వదిలించింది నా పిడికిలి కాదు, ఆ పెద్దాయన అరుపూ గొడుగూ. మా పిల్లికి మాత్ర వేసింది మా నూట ముప్పై కిలోలు కాదు, ఆ కుర్రాడి తువ్వాలు, దాన్ని ఎలా చుట్టాలో అతనికి ముందు ఎవరో నేర్పిన ఒడుపు. ఆయుధం లేని ఒంటరి మనిషి అనేది మనం ఈ సరదా ప్రశ్న కోసం తయారుచేసుకున్న బొమ్మ, చేతిలోంచి రాయీ పక్కనుంచి మనిషీ తీసేస్తే మిగిలేది గోళ్లు తీసేసిన చిరుత లాంటిదే. 2025లో వంద మంది మనుషులు ఒక గొరిల్లా అంటూ ఇంటర్నెట్ అంతా కొట్టుకున్నప్పుడు నాకు కాస్త నయమనిపించింది, కనీసం ఆ ప్రశ్నలో గుంపు ఉంది.

ఇంకో విషయం, ఇది తెలిశాక ఈ చర్చ మీద నా అభిప్రాయమే మారిపోయింది. దక్షిణాఫ్రికాలో క్రూగర్ అడవుల్లో నీటి గుంటల దగ్గర స్పీకర్లు పెట్టి ఒకసారి సింహాల శబ్దం, ఒకసారి మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలు వినిపించారు, 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. జిరాఫీలు, జీబ్రాలు, ఏనుగులు, ఖడ్గమృగాలు, చిరుతలు, దాదాపు అన్నీ సింహం శబ్దానికంటే మనిషి గొంతుకే ఎక్కువ పారిపోయాయి, నీళ్లు వదిలేసి. అరుపులు కూడా కాదు, మామూలు కబుర్లు. అంటే మనం గెలవాల్సిన ఫైట్ ఎప్పుడో గెలిచేశాం, వేల ఏళ్లుగా బల్లేలతో, తర్వాత తుపాకులతో, ఎంతగా గెలిచామంటే మన గొంతు వింటేనే ఏనుగు దాహం చంపుకుని వెళ్లిపోతోంది. అది తెలిసి కూడా ఇంకా ఉత్త చేతులతో కూడా ఓడించగలనని చెప్పుకోవాలా మనం? నాకు బాధ కలిగించేది అక్కడే.

ఎందుకంటే ఆ జంతువు ఒకవేళ గెలిచినా దానికి మిగిలేది ఏమీ లేదు. 2022 సెప్టెంబర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలో 77 ఏళ్ల ఒక మనిషి కంగారూ దాడిలో చనిపోయాడు, ఆయన పెంచుకుంటున్నదే అని వార్తలొచ్చాయి, ఆ దేశంలో 1936 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అంబులెన్స్ వాళ్లని దగ్గరికి రానివ్వట్లేదని పోలీసులు దాన్ని కాల్చేశారు. 2016లో అమెరికాలో సిన్సినాటీ జూలో మూడేళ్ల పిల్లాడు గొరిల్లా ఉన్న చోట పడిపోతే హరాంబే అనే ఆ పదిహేడేళ్ల గొరిల్లాని కాల్చి చంపారు, పిల్లాడి ప్రాణం కోసం, వేరే దారి కనపడక. నేను ఆ నిర్ణయాల్ని తప్పు పట్టట్లేదు. కానీ అడవి జంతువుకి దగ్గరగా వెళ్లి నేను చూసుకోగలను అనుకునే ప్రతివాడూ తన ప్రాణంతో పాటు దాని ప్రాణం కూడా పందెం కాస్తున్నాడు, దాన్ని అడక్కుండా.

నిజంగా ఎదురైతే ఏం చెయ్యాలంటే, దాంట్లో వీరత్వం చాలా తక్కువ. పరిగెత్తకూడదు, గ్రిజ్లీ ఎలుగుబంటి గంటకి యాభై కిలోమీటర్లు దాటి పరిగెడుతుంది, పరిగెత్తేదాన్ని తరమడం వేటజంతువుకి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ప్యూమా అయితే చేతులు పైకెత్తి పెద్దగా కనపడుతూ, కళ్లు తిప్పకుండా, గట్టిగా అరుస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి, మీద పడితే మాత్రం చివరిదాకా పోరాడాల్సిందే. గ్రిజ్లీ తనని తాను కాపాడుకోవడానికి మీద పడితే దానికి పూర్తిగా వ్యతిరేకం, బోర్లా పడుకుని మెడ వెనక చేతులు అల్లుకుని కదలకుండా ఉండాలి. ఈ అరుపులూ, పెద్దగా కనపడటాలూ ఎందుకు పనిచేస్తాయంటే దానికి ఆసుపత్రి లేదు. కాలు విరిగిన చిరుత వేటాడలేదు, వేటాడలేకపోతే ఆకలితో చస్తుంది, అందుకే అనుమానం వస్తే వెనక్కి తగ్గుతుంది. ఫైట్ అంటే ఏంటో మనకంటే దానికే బాగా తెలుసు.

మొన్న మా ఫ్రెండ్ ఇంటికి వచ్చాడు, పిల్లికి ఏడాది టీకా వేయించే రోజు అది. బుట్టలో పెట్టడానికి నేను తువ్వాలు వెతుకుతుంటే "ఇంత దానికి తువ్వాలెందుకురా" అని వాడే వెళ్లి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. బుట్ట కనపడగానే అది వాడి చేతుల్లోనే వెనక్కి తిరిగి, వెనక కాళ్లు రెండూ ముంజేతికి తన్నిపెట్టి దూకేసింది. వాడు వదిలేశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా లేచింది గీత. సింక్ దగ్గర సబ్బుతో కడుగుతూ చాలాసేపు ఏం మాట్లాడలేదు, నేనూ అడగలేదు. తర్వాత తనే అడిగాడు, "ఆ తువ్వాలు ఎలా చుట్టాలో చూపించు" అని.